ఆప్తులు రాని పండుగ - శరణుల దాసోహ మార్గము

వైశాఖ శుద్ధ తదియ బసవేశ్వరుని జయంతి దినము. 2020వ సంవత్సరమున ఆ తిథి ఏప్రిల్ 26వ తేదీన వచ్చెను. అప్పటికి దేశమంతట రాకపోకలు నిలిచి నెల దాటినది. మార్చి 25వ తేదీన, శార్వరి నామ సంవత్సరాది నాడే, తలుపులు మూతపడినవి. ఉగాది పచ్చడి ఎవరి యింటిలో వారే తినిరి. నెల తరువాత వచ్చిన బసవ జయంతికి ఊరేగింపులు లేవు, సామూహిక లింగపూజలు లేవు, దాసోహ పంక్తులు లేవు. పట్నమున ఉద్యోగము చేయు కుమారుడు పట్నమునందే యుండెను. పల్లెలోని తలిదండ్రులు పల్లెలోనే యుండిరి. మరుసటి యేడు మే 14న జయంతి వచ్చినపుడు సైతము పరిస్థితి మారలేదు. తెలంగాణమున అంతకు రెండు దినములకు ముందే మరల లాక్‌డౌన్ విధింపబడెను. ఆంధ్రప్రదేశమున కర్ఫ్యూ నడచుచుండెను.

ఆ రెండేండ్లు గడచినవి. అయినను ఆప్తులు రాని పండుగ మాత్రము మన యిండ్లను వదలిపోలేదు. ఒక కుమారుడు గల్ఫు దేశమున, ఒక కుమార్తె అమెరికాలో. అల్లుడు సైన్యమున నున్నాడు, సెలవు దొరకలేదు. మనుమరాలు ఆసుపత్రిలో నర్సు, పండుగనాడు ఆమెకే రాత్రి విధి. మహాశివరాత్రి మరునాటి పారణకు ఆరుగురికి సరిపడ వండు అలవాటు పోక, వండి, ఇద్దరే విస్తళ్ల ముందు కూర్చుండు వృద్ధ దంపతులు లేని ఊరు నేడు అరుదు. అట్టి యింట పండుగ ఎట్లు జరుగవలెను? మన శరణుల చరిత్రలలో ఈ ప్రశ్నకు ఏమైన సమాధానము కలదా?

ముందుగా ఒక మాట చెప్పుకొనవలెను. ఆప్తుల కొరకు మనసు తపించుట మోహమని, దానిని విడువవలెనని కొందరు పెద్దలు వెంటనే ఉపదేశింతురు. వీరశైవము అట్లు చెప్పదు. ఇది సంసారమును విడిచిపొమ్మను ధర్మము కాదు. బసవన్న గృహస్థుడు. గంగాంబిక, నీలాంబికలు ఆయన ధర్మపత్నులు. అక్క నాగమ్మ, మేనల్లుడు చెన్నబసవన్న ఆయన వెంటనే యుండిరి. మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రను చూచిన, కలియలేకపోవుటలోని దుఃఖము ఎట్టిదో తెలియును. బసవన్నను కన్నులార చూడవలెనని ఆయన కల్యాణమునకు బయలుదేరెను. దారిలోనే, బసవన్న లింగైక్యమందెనను వార్త వినవలసివచ్చెను. ఎంతటి శివజ్ఞానియైనను ఆ మహానుభావుడు దుఃఖించెననియే పాలకురికి సోమనాథుడు వ్రాసెను, దుఃఖమును దాచలేదు. సమకాలికులై, ఒకరినొకరు ప్రాణముగా తలచి, ఒక్కమారైనను కలిసికొనలేకపోయిన ఆ యిద్దరిని తెలుగు వీరశైవులు నేటికిని ఒక్క కుటుంబముగా స్మరించుచున్నారు. పండితారాధ్యుడు అటనుండి శ్రీశైలమునకు మరలెను. ఆ గ్రంథములోని పర్వత ప్రకరణమున శివరాత్రికి కొండకు పోవు భక్తసమూహముల వర్ణన మిక్కిలి విస్తారముగా నున్నది. ఒక్కనిని చూడవలెనని బయలుదేరినవాని చరిత్ర వేలమంది భక్తులు గుమిగూడిన చోట ముగియుట గమనింపదగినది.

కావున వెలితి వెలితియే. ఆ వెలితితో ఏమి చేయవలెననునదే ఆలోచింపవలసిన విషయము.

గురువు, లింగము, జంగమము అని మనకు మూడు పూజ్యస్థానములు. గురూపదేశము దీక్షానాడే చెవిని పడినది. గురువు దూరమున నున్నను ఆ మంత్రము మనవద్దనే యున్నది. ఇష్టలింగము సర్వకాలముల ఱొమ్మున నున్నది. దుబాయి నగరములోని ఇరుకుగదిలోనైనను, రాత్రి విధినుండి తిరిగివచ్చిన నర్సు వసతిగృహమునందైనను, అరచేతనుంచుకొని అర్చించిన లింగపూజ పూర్ణమగును. దానికి గుడి అక్కరలేదు, బంధువులు అక్కరలేదు. మూడవదైన జంగమ పూజ మాత్రము ఒంటరిగా జరుగదు. దానికి ఎదుట మరియొక మనిషి కావలెను. బిడ్డలు రాలేదని తలుపు మూసికొని, ఎంత నిష్ఠతో లింగార్చన చేసినను, ఆనాటి పూజలో మూడవ పాలు మిగిలిపోయినట్లే.

బసవన్న ఒక వచనమున కాకిని, కోడిని చూపి మనుష్యుని సిగ్గుపరచెను. ఆహారము కనబడినచో అవి తమ వారిని పిలువక తినవు. భక్తుడు ఒంటరిగా తినునా యని ఆయన ప్రశ్న. ఈ వచనమును బంధువుల విందులకు అన్వయించువారు కలరు. బసవన్న మహామనె వాకిలి ఎవరెవరికి తెరచియుండెనో తెలిసినవారు అట్లు అన్వయింపజాలరు. మడివాలు మాచయ్య, మేదర కేతయ్య, హరళయ్య మొదలైనవారు అచట ఒకే పంక్తిని కూర్చుండిరి. హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెకు జరిగిన వివాహము కారణముగా కల్యాణమే చెదరిపోయెను. శరణులు కొందరు ఉళవికి, కొందరు ఇతర ప్రాంతములకు తరలిరి. పంక్తిని కులమువారి వరకే కుదించుకొనియుండినచో ఆ మహానుభావులకు ఆ కష్టము వచ్చియుండెడిది కాదు. ఈ సంగతి మరచి, నేడు మన యిండ్లలో ‘దాసోహము’ అను పేరుతో స్వజనులకు మాత్రమే విందు చేయుచున్నాము. పండుగనాడు వాకిట గంట, శంఖము వినబడినంతనే జంగమయ్యను లోనికి పిలిచి పాదోదకము స్వీకరించు సంప్రదాయము గౌరవింపదగినదే, అది మొదటిది. అంతటితో ఆగిపోవుటయే లోపము.

దాసోహమను మాటను దానమునకు పర్యాయపదముగా వాడుట కూడ సరికాదు. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. ‘దాసోహం’ అనగా నేను దాసుడనని అర్థము. ఇచట ఇచ్చువాడే సేవకుడు, వచ్చినవాడు యజమానుడు. తనువు గురువునకు, మనస్సు లింగమునకు, ధనము జంగమునకు సమర్పించుట త్రివిధ దాసోహమని పెద్దల నిర్వచనము. ఆ ధనమైనను కాయకమువలన, అనగా స్వశ్రమవలన, వచ్చినదై యుండవలెను. ఈ చివరి నియమమును అందరికన్న కఠినముగా పట్టుకొనిన శరణి ఆయిదక్కి లక్కమ్మ. ఆమె కథ నేటి పండుగలకు మిక్కిలి అవసరము.

‘ఆయ్ద అక్కి’ యనగా కన్నడమున ఏరిన బియ్యము. లక్కమ్మ భర్త మారయ్య కాయకము అదియే. కల్యాణమున శరణుల ముంగిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చును, లక్కమ్మ వండును, జంగమార్చన చేసి మిగిలిన ప్రసాదము నిద్దరును స్వీకరింతురు. మరునాటికి దాచుట లేదు. ఒకనాడు మహామనె ముంగిట బియ్యము ఎప్పటికన్న మిక్కుటముగా పడియుండెను. బసవన్నయే వారి పేదరికము చూచి అట్లు చల్లించెనని చెప్పుదురు. మారయ్య ఉత్సాహముతో ఆ బియ్యమంతయు ఏరి తెచ్చెను. భక్తులకు ఇంకను ఎక్కువ పెట్టవచ్చునని ఆయన భావించియుండును. అందు స్వార్థమేమియు లేదు. లక్కమ్మ ఆ మూటను చూచి, నిత్యము తెచ్చునది ఎంత, నేడు తెచ్చినది ఎంత యని అడిగెను. అధికమును ఎచట ఏరెనో అచటనే మరల పోసి రమ్మనెను. మారయ్య పోసి వచ్చెను. ఆ మిగిలిన కొలతతోనే ఆమె బసవన్నను, శరణులందరను ఆహ్వానించి తృప్తిగా ఆరగింపజేసెనని శూన్యసంపాదనాది గ్రంథములు చెప్పుచున్నవి. ఆమె వచనములు నేటికిని లభించుచున్నవి. వానిని చదివినవారికి ఆ యిల్లాలు భర్తకే కాక బసవన్నకు సైతము పాఠము చెప్పినదని తోచక మానదు.

అంత కొలతతో అంతమందికి ఎట్లు సరిపోయెననునది మహిమ. విశ్వసించువారు విశ్వసింతురు. మహిమకు ముందు జరిగిన పనిని అందరును గమనింపవచ్చును. ఆమె మొదట అధికమును తిరిగి పంపినది, పిమ్మట అతిథులను పిలిచినది. ఈ క్రమము తారుమారు కారాదు. దూరమున నున్న కుమారుడు, పండుగకు రాలేకపోయితినను సంకోచముతో, ఊరిలో అయిదువందల మందికి అన్నదానము చేయింపుడని పెద్ద మొత్తము పంపును. ఒక్కొక్కప్పుడు అప్పు చేసియైనను పంపును. వంటవారు, షామియానా, మైకు, తన పేరుతో బట్ట బ్యానరు. ఆనాటి సాయంకాలము వానివద్దకు ఫోటోలు చేరును. ఇంటిలోని తల్లి ఆ జనసమూహములో ఎవరికిని స్వయముగా వడ్డింపలేదు, ఎవరి పేరును తెలిసికొనలేదు. ఇంటికి తిరిగి వచ్చునప్పటికి ఖాళీ విస్తరి ఖాళీగానే యుండును. లక్కమ్మ ఉన్నచో ఆ సొమ్ములో అధికమును తిరిగి పంపియుండెడిది.

ఇంతకన్న బాధాకరమైన సంగతి మరియొకటి కలదు. తండ్రికి రక్తపోటు మందులు కొనుటకు వెనుకాడుచు, మఠములో అన్నదాతల ఫలకముపై పేరు చెక్కించుకొనువారు లేకపోలేదు. దాసోహము కన్నవారి సేవకు బదులు కాదు. ఇంటిలో చేయవలసినది చేసిన పిమ్మట, మిగిలిన వెలితిని నింపునది అది.

సోమనాథుని బసవ పురాణములోని గొడగూచి కథను ఈ సందర్భమున మరల చదువవలెను. శివునకు ప్రతిదినము పాలు సమర్పించు తండ్రి పొరుగూరికి పోవుచు, ఆ పనిని చిన్నదైన కూతునకు ఒప్పగించెను. ఇంటి పెద్ద లేడు, పూజ ఆగలేదు. ఆ బాలిక పాలు తీసికొనిపోయి శివుని ముందుంచెను. తండ్రి పాలు పట్టుకొనిపోయి రిక్తపాత్రతో వచ్చుచుండుటవలన, శివుడు నిజముగా త్రాగుచున్నాడని ఆమె నమ్మకము. ఆయన త్రాగలేదు. పిల్ల ఏడ్చెను, బ్రతిమాలెను, ప్రాణములు విడుతుననెను. శివుడు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి ఆ మాట నమ్మకపోవుటయు, ఆమె లింగమున లీనమగుటయు అందరెరిగినవే.

ఈ కథను భక్తికి ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. దాసోహమునకు కూడ దీనియందు ఒక పాఠము కలదు. తండ్రికి పాలు సమర్పించుటతో పని ముగిసినది. గొడగూచికి మాత్రము ఎదుటివాడు త్రాగుటతోనే పని ముగియును. ఆహారపొట్లములు పంచి కారెక్కి వెడలిపోవుట తండ్రి పద్ధతి. ఎదుటివాడు తినునంతవరకు కూర్చుండి, ఇంకేమి కావలెనో అడుగుట గొడగూచి పద్ధతి.

2020 వేసవిలో 44వ జాతీయ రహదారి వెంట ఉత్తరమునకు నడిచిపోయిన వలస కూలీలకు దారిప్రక్క గ్రామములవారును, స్వచ్ఛంద సేవకులును అన్నము, నీరు, చెప్పులు అందించిరి. చెప్పులు ఇవ్వవలెనను ఆలోచన వారికి ఎట్లు కలిగెను? ఎదుటివాని పాదములను చూచినవారికే అది తోచును. పంక్తిభోజనమునకు వీలులేని ఆ కాలమున, సామాజిక దూరమను నియమము పాటించుచునే, కొందరు అట్టి దాసోహము చేసిరి.

బసవ పురాణములోనే బెజ్జ మహాదేవి కథ కలదు. శివునకు సర్వము కలదు గాని తల్లి లేదని ఆమెకు జాలి కలిగెను. తానే తల్లియై శిశురూపుడైన శివునకు నీళ్లు పోసి, కాటుక పెట్టి, పాలిచ్చి పెంచెను. సకలేశ్వరుని యందు ఆమె చూచినది ఐశ్వర్యమును కాదు, తల్లి లేని కొరతను. మనుమలు రాని అవ్వ ఆ చూపుతో తన ఊరిని చూచినచో, తల్లి దగ్గర లేని పిల్లలు ఎందరో కనబడుదురు. సంక్షేమ వసతిగృహమున సెలవులకు పోవుటకు ఇల్లు లేక మిగిలిపోయిన విద్యార్థి యుండును. బసవ జయంతి వచ్చు ఏప్రిల్, మే నెలలలో తెలంగాణమునందలి అనేక ఇటుక బట్టీలలో ఒడిశానుండి వచ్చిన కుటుంబములు పనిచేయుచుండును. వారికి కూడ స్వగ్రామమున తలిదండ్రులు, తమకై ఎదురుచూచు విస్తళ్లు కలవు. ప్రభుత్వాసుపత్రిలో రోగికి ఆహారమిత్తురు గాని, రోగివద్ద కూర్చుండిన తల్లికో భార్యకో అది దొరకుట కష్టము. రాత్రి బస్సు తెచ్చి బస్టాండులోనే పరుండు డ్రైవరు, కండక్టరు ఉందురు. ఒక యింట మనిషి లేని విస్తరి, అదే ఊరిలో విస్తరి లేని మనిషి. ఇద్దరిదియు ఒకే కొరత; వీరిని కలుపుటకు పెద్ద సంస్థ అక్కరలేదు, ముందునాడు పోయి పిలిచినచో చాలును.

పిలుచు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. వాకిట నిలువబెట్టి పొట్లము చేతబెట్టుట పిలుపు కాదు. ఇంటివారు కూర్చుండు పంక్తినే కూర్చుండబెట్టవలెను. వేరు పళ్లెము, వేరు గ్లాసు పెట్టు ఇండ్లలో దాసోహమను మాట పలుకకుండుటయే మేలు. విభూతి ధరింపుడని బలవంతపెట్టరాదు. వచ్చినవాడు ఏ మతమువాడైనను ఆనాటికి అతడు జంగమస్వరూపుడు, ఆయన ఇష్టమే ప్రమాణము. ఫోటోలు వలదు. పిల్లలున్నచో వారిచేత వడ్డింపజేయవలెను.

రాలేనివారు కూడ ఉందురు. బట్టీ కూలీకి పని విడిచి వచ్చు స్వాతంత్ర్యము ఉండకపోవచ్చును. అపుడు ఇంటివారే అన్నము తీసికొని పోయి, వారితోకూడ అచటనే భుజింపవలెను. వారు తమ కుండలోనిది పెట్టినచో కాదనరాదు. మాదర చెన్నయ్య యింటి అంబలి శివునకు రుచించినదని, ఆనాడు చోళరాజు సిద్ధపరచిన దివ్యాన్నములు అట్లే మిగిలినవని బసవ పురాణము చెప్పుచున్నది. ఆ కథను చదివి చెన్నయ్య భక్తికి చేతులెత్తి మ్రొక్కుదుము. శివుడు ఆ పేదవాని యింటికి పోయి, అతడు పెట్టినది తిన్నాడను మాటను మాత్రము తేలికగా దాటిపోవుదుము. ఇచ్చుట కన్న పుచ్చుకొనుట కొందరికి కష్టము. కులాభిమానమంతయు నాలుకపైననే దాగియుండును.

దూరమున నున్నవారి కర్తవ్యమేమి? ఒక దినపు వేతనము, అనగా ఒక దినపు కాయకము, దాసోహమునకు కేటాయించుకొనుట సులభమైన కొలత. పది దినములది పంపి తొమ్మిది దినములు ఋణమున నుండనక్కరలేదు. ఆ సొమ్ము ఇంటికి పంపినచో, తల్లి వండు నాలుగు విస్తళ్లకు సరిపడ పంపవలెను. తానున్న చోటను ఒకనిని పిలువవలెను. గదిలోని సహచరుడు మహమ్మదీయుడు కావచ్చును, ఫిలిప్పీను దేశీయుడు కావచ్చును. తన పండుగకు తానును ఇంటికి పోలేక చిక్కుకొనిన వాడే యగును. తెలుగు సీమను ఆనుకొనియున్న తుమకూరులోని సిద్ధగంగా మఠమున అన్నము, అక్షరము, ఆశ్రయము అని త్రివిధ దాసోహమును కులమత భేదము లేక వేలాది బాలురకు దశాబ్దములపాటు నడపిన శ్రీ శివకుమార స్వాములవారు 2019 జనవరి 21న లింగైక్యులైరి. వారి కోరిక ననుసరించి, మఠములోని బాలుర మధ్యాహ్న భోజనము ముగిసిన తరువాతనే ఆ వార్తను ప్రకటించిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. నూటపదునొకండేండ్ల వృద్ధుడు తన కడపటి దినమున సైతము పిల్లల విస్తళ్లనే తలచెను.

బసవ జయంతి నాటి ఉదయమున లింగపూజ ముగిసిన పిమ్మట పొయ్యి ముట్టించుట, మధ్యాహ్నమునకు అతిథులను కూర్చుండబెట్టుట, వారి ప్రసాదస్వీకారమైన తరువాత ఇంటివారు భుజించుట క్రమము. సాయంకాలము దూరముననున్న కుమారుడు టెలిఫోనున పలుకరించును. పండుగ ఎట్లు జరిగినదని, ఎవరు వచ్చినారని అడుగును. వెనుకటి సంవత్సరము ఆ ప్రశ్నకు తల్లి మాట మార్చియుండును. ఈ మారు ఆమెకు చెప్పుటకు రెండు మూడు పేర్లు ఉండును. ఆ పిల్లవాడు పప్పుచారు రెండుమార్లు వడ్డించుకొనెనని, వాని ఊరు ఒడిశాలో ఏదో పేరు చెప్పెను గాని తనకు నోరు తిరుగలేదని, ఆమె చెప్పుచునే యుండును.